స్వయంపాకం



తెలుగు పండితుడికి మాటల మీద ఉన్న మమకారం మనుషుల మీద ఉండదని ఒక నింద ఉంది. ఇతరుల సంగతి నాకు తెలియదు గాని, నా విషయంలో ఆ నింద చాలాకాలం నిజమే. ఒక్క మాట అర్థం తెలుసుకోవడానికి నాకు పాతికేళ్లకు పైగా పట్టింది. ఆ మాట సహవాసము.

ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో ఈ మాటను ఎన్నో తరగతులలో బోధించాను. ‘సహ’ అంటే కూడ, ‘వాసము’ అంటే ఉండుట. సజ్జన సహవాసం, దుర్జన సహవాసం అంటూ నల్లబల్ల మీద ఉదాహరణలు రాసి, పిల్లలచేత సొంతవాక్యాలు రాయించి, తప్పులు దిద్దాను. మా బోగోలులోని క్రైస్తవ మిత్రుల నోట మాత్రం ఇదే మాట మరొక బరువుతో వినిపించేది. ఆరాధన ముగిశాక మందిరం ముందు వేపచెట్టు కింద చాపలు పరచుకొని కూర్చోవడం వారికి సహవాసం. రోగి ఇంట్లో పదిమంది కలిసి ప్రార్థించడం సహవాసం. ఒకే అండాలో వండినది ఒకే వరుసలో కూర్చుని తినడం అన్నిటికన్నా పెద్ద సహవాసం. పండితుడిగా ఆ ప్రయోగాన్ని మెచ్చుకున్నాను. మనిషిగా దాని జోలికి పోలేదు.

ఇప్పుడిది రాయడానికి కారణం ఒక పుస్తకం. మార్జొరీ సైక్స్ అనే ఉపాధ్యాయురాలు భారతదేశంలోని క్వేకర్ల చరిత్రను 1980లో పుస్తకంగా ప్రకటించారు. ఆమె 1928లో ఇంగ్లండు నుంచి మద్రాసు వచ్చి బాలికల పాఠశాలలో పాఠాలు చెప్పారు. తరువాత శాంతినికేతనంలోను, సేవాగ్రామంలోను పనిచేశారు. సాటి ఉపాధ్యాయురాలు గదా అన్న ఆసక్తితో మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ నా కళ్లముందు మెదిలింది నర్మదాతీరం కాదు, మా ఊరి మందిరమూ, కీర్తిశేషులైన మా లెక్కల మాస్టారూను.

నేను బోగోలుకు వచ్చింది 1986లో. చూడనివారి కోసం రెండు మాటలు. నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణంగా రైలుమార్గం మీద ఉంటుంది మా ఊరు. ఆవిరి యంత్రాల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో వెలిగిన బిట్రగుంట స్టేషను మాకు ఆనుకునే ఉంది. పడమట కొండబిట్రగుంటలో కొండమీద వేంకటేశ్వరుడు. తూర్పున జువ్వలదిన్నె, సముద్రం, చేపల పడవలు. ఆ సముద్రానికీ మాకూ నడుమ బకింగ్‌హాం కాలువ.

బడిలో నా పక్క కుర్చీ లెక్కల మాస్టారిది. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. పేరు రాయను, పొగిడించుకోవడం ఆయనకు గిట్టదు. ఆయనకొక అలవాటుంది. ఎవరినైనా ‘మీరు’ అనేవారు. హెడ్మాస్టరునీ అంతే, బడి ఊడ్చే మనిషినీ అంతే, ఆరో తరగతి కుర్రవాణ్నీ అంతే. ‘మీరు ఈ లెక్క మళ్లీ చేయండి’ అంటే ఆ కుర్రవాడు సిగ్గుపడి నిజంగానే మళ్లీ చేసేవాడు. నేను పుట్టిపెరిగిన వీధిలో పదేళ్ల పిల్లవాడు అరవై ఏళ్ల పాలేరును ‘ఏరా’ అనడం వింత కాదు. ఆ పదేళ్ల పిల్లవాళ్లలో నేనూ ఒకణ్ని.

1987లో, మాఘమాసం వెళ్లాక ఒక ఆదివారం, కోతల పండుగకు రమ్మని పిలిచారు మాస్టారు. మా జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి గనుక పెద్ద పంట సంక్రాంతి తరువాతగాని ఇంటికి రాదు. అందుచేత ఇక్కడి సంఘంవారు కృతజ్ఞతార్పణ పండుగను కోతలయ్యాక చేసుకుంటారు. వెళ్లాను. వేదిక ముందు తొలి వరికంకులు, వేరుశనగ కట్టలు, అరటిగెల, కాళ్లు కట్టిన కోడిపుంజు, పళ్లెంలో అరడజను గుడ్లు, ఒక పెద్ద తియ్యగుమ్మడికాయ. ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి గుప్పెడు పెసలు పోసి వెళ్లింది. ప్రార్థన కాగానే వేలం. నవ్వులే నవ్వులు. రూపాయి చేసే కొబ్బరికాయ ఇరవై రూపాయలకు పోయింది. కొన్నవాడు దాన్ని తిరిగి వేదిక మీదే పెట్టాడు, మళ్లీ వేలం. అలా ఒకే కాయ నాలుగుసార్లు అమ్ముడుపోయింది. వచ్చిన సొమ్ము మందిరం పైకప్పుకూ, విధవరాళ్ల సాయానికీ అన్నారు.

తరువాత భోజనాలు. మాస్టారు నన్ను పక్కకు తీసుకువెళ్లి, ‘పంతులుగారూ, మాంసం సంగతి మీరు ఆలోచించవద్దు. మీ కోసం కొత్త కుండ తెప్పించాము. మా ఇంటావిడ స్నానం చేసి అందులో పప్పూ అన్నమూ వేరుగా వండింది’ అన్నారు. ఆమె కాస్త దూరంలో తడిజుట్టు ముడివేసుకొని నిలబడి ఉంది. చేతిలో గరిటె.

‘ఇవాళ నాకు ఏకాదశి మాస్టారూ’ అన్నాను.

ఆవేళ ఏకాదశి కాదు. లెక్కల మాస్టారికి తిథులు గుణించడం నాకన్నా బాగా వచ్చు. ఆయన మాత్రం ‘అలాగా, పొరపాటయింది’ అని నవ్వి, వీధి చివరిదాకా వచ్చి సాగనంపారు. మర్నాడు పొద్దున్నే ఒక కుర్రవాడు మా గుమ్మంలోకి వచ్చాడు. పళ్లెంలో రెండు సేర్ల బియ్యం, కందిపప్పు, పైన వేలంలో పాడుకున్న ఆ గుమ్మడికాయ. ‘ద్వాదశి పారణకు పనికొస్తాయని మాస్టారుగారు ఇమ్మన్నారండీ’ అన్నాడు.

మిత్రులారా, దీన్ని మా ఆచారంలో స్వయంపాకం అంటారు. వండినది పుచ్చుకోనివారికి వండనివి ఇవ్వడం. పచ్చికాయకు మైల లేదు. పొయ్యి ఎక్కితేనే అది ఎవరి పొయ్యి అన్న ప్రశ్న. నా అబద్ధాన్ని నిజంగా గౌరవించి, నా ఆచారం ఒప్పుకునే దారిలోనే ఆయన నా ఇంటికి అన్నం పంపారు. నేను పుచ్చుకున్నాను. పులుసు చాలా రుచిగా ఉంది. అంతకుమించి ఆనాడు నాకేమీ తోచలేదు.

బడి వరండాలో తీరిక దొరికినప్పుడు ఆయన తమ సంఘం కథ చెప్పేవారు. మా తీరానికి వచ్చినవారు అమెరికా బాప్టిస్టులు. సామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఫలితం లేదని మిషనును మూసివేసే ఆలోచన కూడా చేశారట. ఆ రోజులలోనే, 1854 జనవరి 1వ తేదీ వేకువన లైమన్ జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగువారితో కలిసి ఒంగోలులో కొండెక్కి ప్రార్థించారు. ఆ తరువాత ఒంగోలుకు వచ్చినవాడు జాన్ క్లౌ. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాక పల్లెలు కదిలాయి. 1876 నుంచి 1878 వరకు ఘోరమైన కరవు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కంట్రాక్టు క్లౌ తానే తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. ఆ కూలీలలో మా మాస్టారి ముత్తాత ఒకడు.

‘అక్కడొక సంగతి గమనించాలి పంతులుగారూ’ అనేవారాయన. ‘కరవు ఉన్నన్నాళ్లూ క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను ఆగమన్నాడు. ఆకలితో వచ్చినవాడి మనసు వాడికే తెలియదు గదా. సహాయం ఆగిపోయాక కూడా వచ్చారు చూడండి, వాళ్లకు ఇచ్చాడు.’ 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా మాస్టారు ఆ సంఖ్యను ఎప్పుడు చెప్పినా నాలుగు రెళ్లని వేళ్లతో గాలిలో రాసి చూపేవారు.

ఆ సంఘం సంవత్సరమంతా నాకు కిటికీలోంచి తెలుసు. డిసెంబరు నెల వస్తే వెదురుబద్దలూ రంగుకాగితాలూ కలిసి నక్షత్రాలయ్యేవి. అర్ధరాత్రులు పెట్రోమాక్సు లైటుతో, హార్మోనియంతో ఇంటింటికీ పాటలు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి పసిపాప నిద్రలేస్తుందని మాస్టారు డప్పు ఆపించి, పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి మెల్లగా ఎత్తుకునేవారు. 1803లో పుట్టి 1890లో మరణించిన ఆ కవి క్రైస్తవ కీర్తనలను మన రాగతాళాలలోనే రచించాడు గనుక, ఛందస్సు ఎరిగిన నాకు ఆ పాట పరాయిది కాదు. పాత సంవత్సరం చివరి రాత్రి మేలుకుని కొత్త సంవత్సరంలోకి ప్రార్థనతో అడుగుపెట్టేవారు. వేసవి ముందు నలభై దినాల శ్రమకాలం; వంతుల ప్రకారం ఇళ్లలో సాయంకాలపు కూడికలు. మట్టల ఆదివారం నాడు పిల్లలు లేత కొబ్బరిమట్టలు ఊపుకుంటూ మా వీధిలోంచే వెళ్లేవారు. శుభశుక్రవారం మధ్యాహ్నం ఆ పేటలో పొయ్యి వెలిగేది కాదు. పునరుత్థాన దినాన తెల్లవారక మునుపే కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లేవారు. ఎండలు ముదిరాక పిల్లలకు వేసవి బడి. ఆ పది రోజులూ లెక్కల మాస్టారు కథల మాస్టారు అయ్యేవారు.

1989 నవంబరు 8వ తేదీ రాత్రి. థాయిలాండు సింధుశాఖలో పుట్టి, ఆ దేశపు సన్నని నేలను దాటి, బంగాళాఖాతంలో బలిసిన గే తుఫాను అర్ధరాత్రి వేళ కావలి దగ్గర తీరం దాటింది. మాది పెంకుటిల్లు. ముందు పెంకులు ఒకటొకటిగా, తరువాత వాసాలతో సహా ఒక్కసారిగా లేచిపోయాయి. రెండేళ్ల పాపను పొట్టకు కట్టుకొని మా ఆవిడ, ఆమెను పట్టుకొని నేను మంచం కింద నక్కి ఉండగా గాలి హోరులో ఎవరో ‘పంతులుగారూ’ అని కేక. మాస్టారు. నడుముకు మోకు కట్టుకొని వచ్చారు. రెండో కొస వెనుక ఇద్దరు యువకుల చేతుల్లో ఉంది. ఆ తాడు పట్టుకొని మందిరానికి చేరాము. ఆ పేటలో అప్పటికి సిమెంటు కప్పు ఉన్నది దానికొక్కదానికే. కొబ్బరికాయల వేలాలతో పడిన కప్పు అది.

తెల్లవారేసరికి బయట లోకం లేదు. స్తంభాలు వంగి, చెట్లు పడి, దారేదో చెరువేదో తెలియని నీళ్లు. మందిరంలో రెండువందల మంది. తడిసిన బియ్యం తలా కాస్త తెచ్చి ఆడవాళ్లు గంజి కాచారు. మాస్టారి భార్య ఒక సత్తుగ్లాసు మా ఆవిడకు ఇచ్చింది. ఆమె క్షణమైనా ఆలోచించలేదు. పాపకు ఊది ఊది పట్టి, మిగిలినది తాను తాగింది. తరువాతి గ్లాసు నాది. తాగాను. ఉప్పు సరిపోయింది. మూడురోజులు అక్కడే ఉండి, అక్కడే తిన్నాము. ఏ శాస్త్రమూ గుర్తు రాలేదు.

మరుసటి కోతల పండుగ 1990లో. ఆ ఏడు పంట అంతంత మాత్రమే. అయినా పండుగ మానలేదు. మాస్టారు మళ్లీ పిలిచారు. పిలిచి ఒక మాట అన్నారు. ‘తుఫాను నాడు తాగారు పంతులుగారూ, అది ఆకలి. పండుగనాడు తింటే అది సహవాసం.’

ఆయన ముత్తాతను కరవు తీరేదాకా ఆగమన్న న్యాయమే అది. ఇన్నాళ్లూ నేను నేర్పుతున్న మాటకు నాకు నేర్పిన అర్థమూ అదే. కాని ఆనాటికి మా అమ్మ పల్లె నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. ‘అమ్మ ఉన్నారు మాస్టారూ’ అన్నాను. ఆయన తల ఊపారు. మళ్లీ అడగలేదు. ఏటా పండుగ మర్నాడు మాత్రం బియ్యమూ పప్పూ గుమ్మడికాయా తప్పకుండా వచ్చేవి.

1996లో అమ్మ పోయింది. ఆ తరువాత నాకు అడ్డెవరు? ఎవరూ లేరు. అలవాటుకు అమ్మ పేరు పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది. పిలుపు ఉంటే వెళదామనుకున్నాను. అడిగి లేదనిపించుకున్న మనిషి మళ్లీ అడగడని, అడగవలసిన వంతు నాదని తోచలేదు. మాస్టారు రిటైరయ్యారు. 2011లో, కోతలకు ముందే కన్నుమూశారు. ఆ ఏడు గుమ్మడికాయ రాలేదు. మా ఆవిడ సంచి తీసుకొని బజారుకు వెళుతూ గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి, ‘ఈసారి మనమే కొనుక్కోవాలి’ అంది. నేను పత్రిక చదువుతున్నట్టు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇక క్వేకర్ల సంగతి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో జార్జి ఫాక్సు మొదలుపెట్టిన ఈ సమాజంవారు తమను తాము స్నేహితులమని పిలుచుకున్నారు. దైవవాక్యం ముందు కంపించేవారు అన్న అర్థంలో ఇతరులు వెక్కిరింతగా పెట్టిన పేరు క్వేకర్లు. మన దేశంలో వీరి సేవ ముఖ్యంగా మధ్యప్రదేశ్‌లో, హోషంగాబాదు ప్రాంతంలో సాగింది. ఆ ఊరే నేటి నర్మదాపురం. యుద్ధకాలాలలో చేసిన సహాయానికి బ్రిటన్‌లోని, అమెరికాలోని క్వేకర్ సంస్థలు రెండింటికీ కలిపి 1947లో నోబెల్ శాంతి బహుమానం వచ్చింది.

వీరి సంప్రదాయంలో మూడు సంగతులు నన్ను పట్టుకున్నాయి. మొదటిది భాష. ఆనాటి ఇంగ్లీషులో గొప్పవారికి ‘మీరు’, తక్కువవారికి ‘నువ్వు’ అనే తేడా ఉండేది. మనుషులందరూ సమానమంటూ క్వేకర్లు న్యాయాధికారిని కూడా ‘నువ్వు’ అన్నారు. జైళ్లకు పోయిన కారణాలలో ఇటువంటి ధిక్కారాలూ ఉన్నాయి. మా మాస్టారు అదే లెక్కను రెండో వైపు నుంచి చేశారు. అందరినీ కిందికి దింపక, అందరినీ ‘మీరు’ దాకా ఎత్తారు. జవాబు ఒకటే.

రెండోది కాలం. పాత క్వేకర్లకు పండుగలు లేవు. ఒక దినం పవిత్రమంటే తక్కినవి కావన్నట్టే గదా అని వారి వాదన. వారాలకు కూడా మొదటి దినం, రెండవ దినం అని అంకెలే. ఆరాధనలో నిశ్శబ్దంగా కూర్చుంటారు. ఎవరికి ప్రేరణ కలిగితే వారు లేచి రెండు మాటలు చెబుతారు. ఇది చదివి మొదట మా సంఘం పండుగల వరుస చిన్నబోయినట్టు అనిపించింది. ఆలోచిస్తే అలా కాదు. ఏ దినమైనా ఒకటే అనుకునే మనసు నాకుంటే మంచిదే; నాలాంటివాడు రేపు చూద్దామని పాతికేళ్లు గడుపుతాడు. పండుగ ఏటా వచ్చి తలుపు తడుతుంది. ఈసారైనా వస్తావా అని అడుగుతుంది.

మూడోది భోజనం. తక్కిన సంఘాలవలె రొట్టె, ద్రాక్షరసాల సంస్కారం వీరు జరపరు. నలుగురూ కలిసి తినే ప్రతి భోజనమూ ప్రభుభోజనమే అని వారి భావన. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. అయితే నేను 1987లో వద్దన్నది పప్పూ అన్నమూ మాత్రమే కాదు. నా ఉపనిషత్పాఠంలో గురుశిష్యులు తమను కలిపి రక్షించమని, కలిపి పోషించమని కోరే శాంతిమంత్రం ఉంది. ఎన్ని వేలసార్లు చదివి ఉంటాను! అందులో ‘సహ’ శబ్దానికి వ్యాకరణం చెప్పగలను.

ఈ ఏటి కోతల పండుగకు పిలుపు లేకుండానే వెళ్లాను. మా ఆవిడా వచ్చింది. ఇప్పుడు మందిరం పెద్దదయింది, మైకులు వచ్చాయి, వేలం అరుపులు మాత్రం అవే. గుమ్మడికాయను నేనే పాడాను. మాస్టారి శిష్యుడొకడు, ఇప్పుడు సంఘపెద్ద, పోటీకి వచ్చి నా చేత అయిదువందలు పెట్టించాడు. కాయను తీసుకెళ్లి వంటశాలలో ఇచ్చి, ఇక్కడే తరగండి అన్నాను.

పంక్తిలో కూర్చున్నాము. మాస్టారి భార్యకు ఎనభై దాటాయి. వద్దంటున్నా వినక తన చేత్తోనే వడ్డిస్తోంది. వరుసలో ఒకరి తరువాత ఒకరికి వడ్డించుకుంటూ నా విస్తరి ముందుకు వచ్చింది. నన్ను చూసింది. అన్నం గరిటె గాలిలో ఆగిపోయింది.

ఆ ఆగడంలో కోపం లేదు. నిష్ఠూరం లేదు. ఈయనకు వేయవచ్చునా అన్న సందేహం, అంతే. ముప్ఫై ఎనిమిదేళ్ల క్రితం తడిజుట్టుతో, కొత్త కుండ పక్కన నిలబడినప్పుడు నేను ఆమెకు ఇచ్చిన సందేహం. ఆమె దాన్ని ఇంతకాలం జాగ్రత్తగా దాచి ఉంచింది.

‘వేయండి అమ్మా’ అన్నాను.

‘ఇవాళ ఏకాదశి కాదా బాబూ?’ అంది.

ఎకసెక్కమో, నిజంగా అడిగిందో, ఆ వయసులో ఆ ముఖం చూసి చెప్పడం కష్టం. కాదమ్మా అన్నాను. ఆనాడు కూడా కాదు అని చెప్పాలనుకున్నాను గాని గొంతు పెగలలేదు. ఆమె అన్నం వేసింది, పప్పు వేసింది, గుమ్మడికాయ పులుసు వేసి పక్కవారి దగ్గరకు వెళ్లింది. తిన్నాను. మా ఆవిడ రెండోసారి పులుసు అడిగి వేయించుకుంది.

మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం గుమ్మం వైపు చూశాను. ఎవరూ రాలేదు. ఇక రానక్కరలేదు.

సెలవు.